మూత పెట్టని మనిషి

ఆ శనివారం పొద్దున గొడవ మార్మలేడ్ సీసా దగ్గర మొదలైంది.

రేవిన్ ఆ సీసాను అందరూ ఎత్తినట్టే మూత పట్టుకుని ఎత్తింది. మూత చేతికొచ్చింది, సీసా రాలేదు. అది టోస్టు పళ్ళెం అంచుకు తగిలి, బల్ల మీద ఒక్క పొర్లు పొర్లి, లిండ్సే చదువుతున్న పేపరులో గొర్రెల ధరల మీద నారింజ మడుగు కట్టి ఆగింది.

"మళ్ళీనా?" అంది రేవిన్, మూతను గాల్లో అలాగే పట్టుకుని.

"మూత ఉంది కదా దాని మీద," అన్నాడు లిండ్సే.

"ఉండటం వేరు, పెట్టడం వేరు. నువ్వు మూత పెట్టవు లిండ్సే. సీసా నెత్తిన టోపీలా కూర్చోబెడతావు."

"ఒక్క మూతకి ఇంత రాద్ధాంతమా!"

"ఒక్క మూతా? షాంపూ సీసా, ట్రాక్టరు డీజిల్ ట్యాంకు, పిప్ పసిపిల్లగా ఉన్నప్పుడు పాలపొడి డబ్బా... ఇంకా చెప్పనా? ఆ ఫైనల్ సంగతి చెప్పనా?"

ఫైనల్ అన్న మాట వినబడగానే లిండ్సే పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మార్మలేడ్ మెల్లగా జారి ఒళ్ళో పడింది.

మాటాయి వాగు లోయలో ఆ ఫైనల్ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఎనభైల చివర్లో, పెయింట్ తుపాకుల ఆట న్యూజీలాండ్‌కి కొత్తగా వచ్చిన రోజుల్లో, గొర్రెల ఉన్ని కత్తిరింపులు అయిపోయాక కుర్రకారుకి అదే లోకం. రంగు గోళీ తగిలినవాడు ఆటలోంచి బయటికి, జెండా పీకిన జట్టుది గెలుపు. దిగువ లోయ జట్టు పేరు వీకాలు. వీకా అంటే ఎగరలేని పక్షి, ఇళ్ళలో దూరి చెంచాలు ఎత్తుకుపోతుంది. ఎగువ లోయ జట్టుకి పేరు లేదు, పొగరు మాత్రం ఉండేది. గెలిచినవాళ్ళకి బహుమతి పాత పాల క్యాను మూత, పలక మీద మేకులు కొట్టి బిగించినది. ఆనాటి ఫైనల్లో లిండ్సే జెండా కోసం పరుగెత్తుతుంటే తుపాకి నెత్తిన ఉండే తొట్టి మూత తెరుచుకుని ఉండిపోయింది. అడుగడుగునా రంగు గోళీలు వడగళ్ళలా రాలిపోయాయి. జెండా దగ్గరికి చేరేసరికి అతని దగ్గర మిగిలింది తుపాకి, చిరునవ్వు. ఎగువ లోయ నాయకుడు క్లైవ్ తీరిగ్గా లేచి నిలబడి అతని గుండెల మీద నీలిరంగు పువ్వు పూయించాడు. పాల క్యాను మూత ఎగువ లోయకి వెళ్ళిపోయింది. మరుసటి ఏడు ఆట మానేశారు, పెళ్ళిళ్ళు అయ్యాయి, పిల్లలు పుట్టారు. మూత మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఇన్నేళ్ళకి ఆ రెండు జట్లూ ఈ సాయంత్రం మళ్ళీ తలపడబోతున్నాయి. రేవిన్, లిండ్సేల కూతురు పిప్ ఇప్పుడు ఆనాడు ఫైనల్ ఆడిన పైన్ తోటలోనే పెయింట్ తుపాకుల మైదానం నడుపుతోంది. పాత ఆటగాళ్ళకి ఒక పోటీ పెడదామన్నది ఆమె ఆలోచన. వీకాలలో అప్పుడు ఆడింది లిండ్సే, హేమి, ఐవన్, బెవ్, రేవిన్. ఐదుగురూ ప్రాణాలతోనే ఉన్నారు. ఈ వయసులో అదే పెద్ద గెలుపు.

రేవిన్ వారం నుంచీ ఒక్క మాట కోసం ఎదురుచూస్తోంది. "నువ్వూ రా" అని లిండ్సే అనాలి. తను అడగదు. అడిగి తెచ్చుకుంటే అది చోటు ఇచ్చినట్టు అవుతుంది గాని పిలిచినట్టు అవదు. పాత గోధుమరంగు చొక్కా ఉతికి, ఇస్త్రీ చేసి, ఎవరికీ కనబడకుండా తువ్వాళ్ళ కింద పెట్టుకుంది.

లిండ్సే పేపరు దించాడు. "అన్నట్టు, ఐదో మనిషి దొరికాడు."

రేవిన్ చేతిలో తడిగుడ్డ ఆగింది.

"కొత్త పాస్టరు, సెమిసి. ఆయన వెనక మేం నలుగురం దాక్కోవచ్చు, అంత మనిషి. కాకపోతే తుపాకి ఎప్పుడూ పట్టలేదట. పది గంటలకి వస్తాడు. కాస్త లోడింగ్ నేర్పవూ? ఆ విషయంలో నీ తర్వాతే ఎవరైనా."

"మరి నేను?"

"నువ్వు పళ్ళేలు చూసుకుంటావని పిప్‌తో చెప్పాను. సాసేజ్ రోల్స్ చేస్తావుగా."

కిందటి చలికాలం రేవిన్ మంచు పట్టిన మెట్టు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుని చాలాకాలమైంది. అతుక్కోనిదల్లా లిండ్సే గుండె. అయితే ఆ సంగతి అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. "సరే," అంది. ఆ ఇంట్లో ఆ సరే విన్నవాళ్ళెవరైనా గొడుగు వెతుక్కుంటారు. లిండ్సే మాత్రం ఈల వేసుకుంటూ సామాన్ల గదిలోకి వెళ్ళాడు.

ఇక్కడ ఐస్‌క్రీమ్ డబ్బాల గురించి చెప్పాలి. ఆ లోయలో ఐస్‌క్రీమ్ అయిపోయిందని డబ్బా పారేసే ఇల్లు లేదు. మేకులు, సూప్, విత్తనాలు, కుట్టు సామాను, అన్నీ వాటిలోనే. అలాంటి చోట రేవిన్ తన ఇంటికి ఒక చట్టం చేసుకుంది. నీలి మూత ఉంటే తినేది, ఎర్ర మూత ఉంటే తినకూడనిది. ఈ చట్టం వల్ల ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ ఎరువు తినలేదు.

ఆ పూట సామాన్ల గది అరలో రెండు డబ్బాలు పక్కపక్కన ఉన్నాయి. నీలి మూత డబ్బాలో జాఫాలు, అంటే నారింజరంగు పెంకు కట్టిన గుండ్రటి చాక్లెట్లు. మధ్యాహ్నం చర్చి హాల్లో పిల్లలకి పాత సినిమా వేస్తున్నారు, అక్కడికోసం తెచ్చినవి. ఎర్ర మూత డబ్బాలో పోటీకి కావలసిన రంగు గోళీలు. పిప్ ఈసారి తెప్పించినవి నారింజరంగువి. గోళీ, జాఫా పక్కపక్కన పెడితే కన్నతల్లి కూడా ఒక్క క్షణం తడబడుతుంది.

లిండ్సే రెండు డబ్బాలూ తెరిచి చూశాడు. ఒక జాఫా నోట్లో వేసుకున్నాడు. మూతలు పక్కన పెట్టి, పక్కనే మరిచిపోయి, తుపాకులు తుడవడానికి షెడ్డుకి వెళ్ళిపోయాడు.

రెండు నిమిషాలకి రేవిన్ అటు వెళ్ళింది. రెండు డబ్బాలూ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. "ఈ మనిషికి దేవుడు చేతులిచ్చి వేళ్ళు మరిచిపోయాడు," అని గొణుక్కుంటూ, పళ్ళేలు చూసుకుంటావని చెప్పాను అన్న మాటనే మనసులో నములుతూ, రెండు మూతలూ తీసి రెండు డబ్బాల మీదా పెట్టి, నాలుగు మూలలా అరచేత్తో నొక్కి బిగించింది. ఆమె పెట్టిన మూత ఊడటం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

పాస్టరు సెమిసి పది కొట్టేసరికి వచ్చాడు. గుమ్మంలో ఆయన నిలబడితే వంటిల్లు చీకటి పడింది. టోంగా వాళ్ళ పిల్లాడు, ఆక్లండ్‌లో పెరిగాడు, ఈ లోయకి వచ్చి నెల దాటలేదు. ఎవరింటికి వెళ్ళినా పెట్టింది కాదనకూడదని వాళ్ళ అమ్మమ్మ పెంపకం.

"రేవిన్ గారూ, నాకు బొత్తిగా ఏమీ రాదు. ముందే చెప్పేస్తున్నా."

"రాకపోతేనే మంచిది పాస్టర్ గారూ. వచ్చినవాళ్ళకే నేర్పలేం. నా మొగుణ్ణి చూడండి."

ఆమె తుపాకి ఒకటి బల్ల మీద పెట్టి, దాని నెత్తిన తొట్టి తగిలించింది. నడుముకి కట్టుకునే పటకాలో నాలుగు పొడవాటి గొట్టాలున్నాయి. రంగు గోళీలతో ఇంట్లో సాధన చెయ్యడం ఆమెకి గిట్టదు. తడి తగిలితే ఉబ్బుతాయి, కింద పడితే పగులుతాయి. అందుకని నీలి మూత డబ్బా తెచ్చి, టీపొడి చెంచాతో తోడి గొట్టాలు నింపింది.

"వీటితో నేర్చుకోండి. కింద పడ్డా పరవాలేదు, మిఠాయిలే. ఏరుకుని తినెయ్యండి."

"సరేనండీ."

"మొదటి సూత్రం. చేతుల వంక చూడకూడదు. కళ్ళెప్పుడూ అవతలివాడి మీదే. మీరు గొట్టం వైపు చూశారా, వాడు మీ వైపు చూస్తాడు. కానివ్వండి, ఆ ఫ్రిజ్‌ని క్లైవ్ అనుకోండి."

పాస్టరు ఫ్రిజ్‌ని క్షమాభావంతో చూశాడు.

"అంత ప్రేమగా వద్దు. ఇప్పుడు తుపాకి ఛాతీకి ఎత్తండి, నేలకి దించకండి. ఎడమ చెయ్యి నడుం మీదికి. గొట్టం లాగండి, అదీ. బొటనవేలితో గొట్టం మూత లేపండి. అదే చేత్తో తొట్టి మూత కూడా. వంచండి. ఒంపండి. అయ్యో!"

సగం తొట్టిలో పడ్డాయి, సగం బల్ల కిందికి దొర్లాయి.

"తొందరపడ్డారు. మూతి ఆనాక గాని ఒంపకూడదు. చంటిపిల్లకి పాలసీసా పట్టినట్టు. ఇంకోటి, తొట్టి పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగకండి. వంటింట్లో ఉప్పు అయిపోయాక కొట్టుకి పరుగెడతామా? కాస్త ఉండగానే నింపుకోవాలి. నింపుతున్నప్పుడు పక్కవాడికి వినబడేలా 'లోడింగ్!' అని అరవాలి. అప్పుడు వాడు మీ వైపు కూడా కాస్తాడు."

"లోడింగ్," అన్నాడు పాస్టరు, ప్రార్థన చివర ఆమెన్ అన్నట్టు.

"అరవమన్నాను. ఇక ఖాళీ గొట్టం పారెయ్యండి. మడిచి, దాచి, తిరిగి పటకాలో పెట్టుకోకండి. ఇల్లు సర్దుకునే అలవాటున్నవాళ్ళకి ఇదే అన్నిటికన్నా కష్టం, నాకు తెలుసు. చిట్టచివరిది..." ఆమె తొట్టి మూత టప్పున మూసింది. "మూత. అన్నీ సరిగ్గా చేసి మూత మరిచిపోయారా, చేసిందంతా నేలపాలు. ఎవరినైనా అడగండి ఈ లోయలో."

పాస్టరు కింద పడ్డవి ఏరాడు. ఏరుకుని తినమన్న మాట ఆయనకి గుర్తుంది. ఒకటి నోట్లో వేసుకుని కొరికాడు. పెంకు మెత్తగా చిట్లింది. నాలుక మీద చల్లగా, జిగటగా, కొవ్వొత్తి కరిగించి సబ్బు కలిపినట్టు ఏదో పరుచుకుంది. ఈ లోయ మిఠాయి ఇలా ఉంటుంది కాబోలు అనుకున్నాడు. మింగాడు.

"బాగున్నాయా?" అంది రేవిన్, కిటికీలోంచి షెడ్డు వైపు చూస్తూ. అక్కడ లిండ్సే ఐదు తుపాకులు వరసగా పెట్టుకుని తుడుస్తున్నాడు. ఐదోది పాస్టరు కోసం.

"చాలా... కొత్తగా ఉన్నాయండీ."

"మొహమాటపడకండి, ఇంకో రెండు వేసుకోండి."

పాస్టరు అమ్మమ్మను తలుచుకుని ఇంకో రెండు వేసుకున్నాడు.

పాఠం అయ్యాక రేవిన్ గొట్టాల్లోవి తిరిగి నీలి మూత డబ్బాలో పోసి, మూత నాలుగు మూలలా నొక్కింది. హాలు పనులు చూసే మెర్ల్ వచ్చి దాన్ని తీసుకుపోయింది. ఆ తర్వాత రేవిన్ రబ్బరు తొడుగులు వేసుకుని, ఎర్ర మూత డబ్బాలోంచి పోటీకి కావలసిన గొట్టాలన్నీ నింపింది, తను నేర్పిన పద్ధతిలోనే, చేతుల వంక ఒక్కసారి కూడా చూడకుండా.

*

సాయంత్రం పైన్ తోటలో పాతరోజులు తిరిగొచ్చినట్టే ఉంది. అదే తడి మన్ను వాసన, అదే ఫెర్న్ పొదలు. మనుషులే కాస్త వెడల్పయ్యారు. క్లైవ్ కొత్త తుంటి కీలుతో, చంకలో పాల క్యాను మూతతో దిగాడు.

"లిండ్సే! ఈసారి నీ తొట్టికి టేపు వేసుకున్నావా?" అన్నాడు. ఇన్నేళ్ళుగా కలిసినప్పుడల్లా అదే మాట, అదే నవ్వు. లిండ్సే కూడా ఎప్పటిలాగే నవ్వి ఊరుకున్నాడు.

రేవిన్ మడతబల్ల మీద సాసేజ్ రోల్స్ సర్దుతూ ఆ నవ్వు చూసింది. ఈల మెడలో వేసుకున్న పిప్ జట్లను పిలిచింది. వీకాల వైపు నలుగురే వచ్చారు.

"పాస్టరేడి?" అన్నాడు హేమి.

పాస్టరు దూరంగా పైన్ చెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మొహం బూడిదరంగు, పెదవులు నారింజరంగు.

"ఏమైందండీ? ఏం తిన్నారు?" లిండ్సే పరుగెత్తాడు.

"రేవిన్ గారు పెట్టినవే... చాలా బాగున్నాయి..." అంటూనే ఆయన తోట చివర చెక్క మరుగుదొడ్డి వైపు నడిచాడు. నడక సగం దారిలో పరుగైంది. తలుపు మూసుకుంది. చాలాసేపు తెరుచుకోలేదు.

"ఐదుగురు లేకపోతే ఓడినట్టే," అన్నాడు క్లైవ్, పాల క్యాను మూతను చొక్కా చేత్తో తుడుస్తూ. "నియమం నేను పెట్టింది కాదు."

"నువ్వే పెట్టావు," అంది బెవ్.

అందరూ లిండ్సే వంక చూశారు. లిండ్సే సాసేజ్ రోల్స్ వంక చూశాడు. రేవిన్ టమాటా సాసు సీసాను సరిగ్గా బల్ల మధ్యకి జరిపింది.

"అమ్మా, వెళ్ళవే," అంది పిప్.

"నన్నెవరూ అడగలేదు."

"మీ ఇద్దరికీ ఓ దణ్ణం!" అన్నాడు హేమి. "లిండ్సే, నోరు తెరు. నీకు తెరిచి ఉంచడం అలవాటేగా."

లిండ్సే బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. "నీ చెయ్యి కట్టులో ఉన్నన్నాళ్ళు ఇంట్లో ఒక్క మూత పెట్టే దిక్కు లేదు రేవిన్. చీమలు పట్టాయి. మళ్ళీ విరిగితే నేను తట్టుకోలేను. అందుకని అడగలేదు."

"చీమల కోసమా?"

"చీమల కోసం కాదులే." అతను తల గోక్కున్నాడు. "రా. అడుగుతున్నాను."

రేవిన్ ఏప్రన్ విప్పింది. లోపల ఇస్త్రీ చేసిన పాత గోధుమరంగు చొక్కా వేసుకునే ఉంది.

పిప్ ఈల ఊదింది. మొట్టమొదట హేమి తుపాకి పేల్చాడు. పేలలేదు. గొణిగింది. రెండోసారికి తుపాకి మూతిలోంచి గోధుమరంగు పొడి తుస్సుమని వచ్చింది. ఐవన్‌ది మూలిగి ఆగిపోయింది. బెవ్ తుపాకి తుమ్మింది. తోటంతా పాత సినిమా హాలు వాసన కమ్ముకుంది.

"నా తుపాకి చాక్లెట్ కక్కుతోందిరా!" అని అరిచాడు హేమి.

అటునుంచి క్లైవ్ తన చొక్కా మీద పడ్డ నారింజ పెంకు ముక్క తీసి, ముసుగు పైకెత్తి నాలుకకి తగిలించాడు. "ఇది జాఫా కదూ?"

పిప్ ఈల ఊది ఆట ఆపింది. తొట్టి తెరిచి వాసన చూసింది. ఒకటి కొరికింది. తర్వాత మెల్లగా తండ్రి వైపు తిరిగింది. "నాన్నా. పొద్దున డబ్బాలు తెరిచింది ఎవరు?"

"నేనే."

"మూతలు?"

లిండ్సే ఏదో చెప్పబోయి రేవిన్ వంక చూశాడు. నోరు మూసుకున్నాడు. "నా వల్లే అయ్యుంటుంది," అన్నాడు.

"ఇంకెవరి వల్ల అవుతుంది!" అంది రేవిన్. ఎగువ లోయ వాళ్ళు పగలబడి నవ్వారు.

ఆ నవ్వు ఆగకముందే కారు ఒకటి బురద చిమ్ముకుంటూ వచ్చి ఆగింది. అందులోంచి మెర్ల్ దిగింది. చీలమండల దాకా నారింజరంగు. జుట్టులో నారింజరంగు. చంకలో నీలి మూత డబ్బా.

"ఎక్కడ? ఎక్కడ ఆ మిఠాయిలు పంపిన మహాతల్లి?"

"మెర్ల్, పిల్లలు తిన్నారా ఏమిటి?" రేవిన్ పరుగున ఎదురెళ్ళింది.

"తినడమా! జాఫాలు ఎవరైనా మొదట తింటారటే? మన చిన్నప్పుడు ఏం చేసేవాళ్ళం? సినిమా హాల్లో దీపాలు ఆర్పగానే వెనక వరస నుంచి చెక్కనేల మీద దొర్లించేవాళ్ళం, అవి గలగలమంటూ తెర దాకా పోయేవి. ఆ సరదా పిల్లలకి చూపిద్దామని నేనే చెప్పాను, దొర్లించండర్రా అని! దొర్లించారు. చప్పుడు రాలేదు. ఇదేమిటని చూద్దామని నేను లేచాను." ఆమె కాళ్ళు చూపించింది. "పియానో దాకా జారుకుంటూ పోయాను. పిల్లలు మళ్ళీ జారమంటున్నారు! హాలు నేల చూస్తే గుమ్మడికాయ పేలినట్టుంది."

"క్షమించు మెర్ల్. నాదే పొరపాటు," అన్నాడు లిండ్సే.

"నీదే అవుతుంది, వేరే చెప్పాలా? కానీ ఒకటి." మెర్ల్ డబ్బా బల్ల మీద టక్కున పెట్టింది. "మూత మాత్రం ఏం బిగించావయ్యా బాబూ! నాలుగు మూలలా అతికించినట్టుంది. తియ్యడానికి స్క్రూడ్రైవరు కావలసొచ్చింది."

నవ్వులు కొనసాగాయి. రేవిన్ ఒక్కతే నవ్వడం మానేసింది.

ఆ నీలి మూత నాలుగు మూలల మీదా అరచేతి ఒత్తిడికి పడిన నొక్కులు ఆమెకి స్పష్టంగా కనబడుతున్నాయి. లిండ్సే పుట్టి బుద్ధెరిగాక ఏ మూతనూ అలా బిగించలేదు. పొద్దున సామాన్ల గది, నోళ్ళు తెరుచుకున్న రెండు డబ్బాలు, తను గొణుక్కుంటూ పెట్టిన రెండు మూతలు, అన్నీ వరసగా కళ్ళముందుకొచ్చాయి. తలెత్తి లిండ్సే వంక చూసింది. అతను అప్పటికే పాస్టరు కోసం నీళ్ళసీసా పట్టుకుని మరుగుదొడ్డి వైపు పోతున్నాడు. సీసాకి మూత లేదు.

"డబ్బాలో సగం మిగిలాయి!" అంది పిప్ సంతోషంగా. "తుపాకులు కడుక్కోండి. ఆట మొదటినుంచి."

*

రెండో విడత ఈల మోగేసరికి పొద్దు వాలింది. ఐవన్ మొదటి నిమిషంలోనే పోయాడు, ఫెర్న్ పొదలో మోకాలు పట్టేసి. బెవ్ ఇద్దర్ని కొట్టి తనూ పోయింది. హేమి ఒకణ్ణి కొట్టి, ఆ ఆనందంలో లేచి నిలబడి తనూ దెబ్బ తిన్నాడు. ఎగువ లోయ వైపు మిగిలింది క్లైవ్, ఇంకొకడు. వీకాల వైపు పడిపోయిన పైన్ మాను వెనక లిండ్సే, పక్కన రేవిన్. చుట్టూ తడి ఫెర్న్ పొదలు. ఆ ఫైనల్లో కూడా మాను ఇదే. అప్పుడు దాని మీద నాచు లేదు, అంతే.

"లోడింగ్!" అని అరిచాడు లిండ్సే. తర్వాత మెల్లగా, "నా గొట్టాలు అయిపోయాయి," అన్నాడు.

"నేను పోస్తా. నువ్వు కొడుతూనే ఉండు."

రేవిన్ నడుం మీంచి గొట్టం లాగింది. కళ్ళు ఎదురుగా. బొటనవేలితో గొట్టం మూత, అదే చేత్తో అతని తొట్టి మూత. ఆనించింది, ఒంపింది. గోళీలు గలగలా దిగాయి. సరిగ్గా అప్పుడే కుడివైపు పొద కదిలింది. గొట్టం పారేసి, తన తుపాకి అందుకుని, గురి చూసి కొట్టింది. క్లైవ్ పక్కవాడు చెయ్యెత్తి బయటికి వెళ్ళిపోయాడు.

తిరిగి చూసేసరికి లిండ్సే తొట్టి మూత తెరుచుకునే ఉంది. తనే తెరిచింది. తను మూయలేదు.

ఆమె చెయ్యి కదిలేలోపు లిండ్సే ముందుకి చూస్తూనే, అలవాటైన పనిలా బొటనవేలితో దాన్ని టప్పున మూసుకున్నాడు.

"ఆ రోజు చూసుకోలేదు," అన్నాడు.

రేవిన్ ఆ మూత వంకే చూసింది. ఆ రోజు కూడా అతని గొట్టాలు అయిపోయాయి. ఆ రోజు కూడా తనే పోసింది. ఆ రోజు కూడా కుడివైపు పొదే కదిలింది.

"నీకు తెలుసా?" అంది.

"అప్పుడే తెలుసు."

"మరి ఇన్నేళ్ళూ నేనన్న మాటలు..."

"మిగతా మూతలు నావేగా," అన్నాడు లిండ్సే, మాను మీదుగా దూకి జెండా వైపు పరుగెత్తాడు.

ఈసారి ఒక్క గోళీ రాలలేదు. తొట్టి నిండా గోళీలతో, మూత బిగించుకుని, అతను జెండాకి పది బారల దూరంలోకి చేరాడు. క్లైవ్ తీరిగ్గా లేచి నిలబడి అతని గుండెల మీద నారింజ పువ్వు పూయించాడు.

ఆపైన క్లైవ్ అలాగే నిలబడి, పాత ఫైనల్ ఫొటోలో ఉన్నట్టే రెండు చేతులూ పైకెత్తాడు. రేవిన్ మాను వెనక నుంచి లేచింది. క్లైవ్ తుపాకి తిప్పి నొక్కాడు. ఖాళీ. అతను వంగి, గొట్టం కోసం నడుం వంక చూసుకున్నాడు. చేతుల వంక చూడకూడదని అతనికి ఎవరూ నేర్పలేదు. రేవిన్ అతని బెల్టు మీద శ్రద్ధగా ఒక్కటి కొట్టింది. ఆనక నడుచుకుంటూ వెళ్ళి జెండా పీకింది. పరుగెత్తాల్సిన అవసరం కనబడలేదు.

*

భోజనాల దగ్గర ఐదుగురు. లిండ్సే, రేవిన్, పిప్. పిప్ చెప్పులు వేసుకున్న మెర్ల్. మంచినీళ్ళు, ఉత్త టోస్టు ముందు పెట్టుకుని పాస్టరు. మధ్యలో వేయించిన గొర్రెపిల్ల మాంసం, చిలగడదుంపలు, బఠాణీలు. గోడకి పాల క్యాను మూత.

"నాన్నా, ఇకమీదట నిన్ను డబ్బాల గదిలోకి రానివ్వకూడదు," అంది పిప్.

"తాళం వెయ్యండి," అంది మెర్ల్.

"పాపం, నాకోసం ఆయన్ని అనకండి," అన్నాడు పాస్టరు నీరసంగా. "మిఠాయిలు నిజంగానే..."

రేవిన్ గరిట దించి చెంచాతో గ్లాసు మీద టింగుమని కొట్టింది. అందరూ తలెత్తారు. లిండ్సే కంగారుగా తల అడ్డంగా ఊపాడు. ఆమె పట్టించుకోలేదు.

"నేనొక నిర్ణయం తీసుకున్నాను. ఈ రోజు నుంచి ఈ ఇంట్లో మూతల గురించి లిండ్సేని ఎవరూ ఒక్క మాట అనకూడదు. నేనూ అనను. క్లైవ్ అంటే నా దగ్గరికి పంపండి. వచ్చే శనివారం నుంచి పిప్ మైదానంలో కొత్తవాళ్ళకి లోడింగ్ నేనే నేర్పుతాను. మూత పాఠం మాత్రం మీ నాన్న చెప్తాడు."

"నాన్నా? మూత పాఠమా?" పిప్ చేతిలో ఫోర్కు ఆగిపోయింది. "ఎందుకమ్మా?"

"జట్టులో ఆ సంగతి బాగా తెలిసింది ఆయనకే," అంది రేవిన్. "ఆ టమాటా పచ్చడి ఇటు అందుకో లిండ్సే."

లిండ్సే సీసా దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత తన కంచంలో పచ్చడి వడ్డించుకుని, పెళ్ళయ్యాక మొదటిసారి సీసా మూత పెట్టి, రెండు చేతులతో, పళ్ళు బిగించి, తిప్పగలిగినంత తిప్పి ఆమెకి అందించాడు.

సీసా రేవిన్ చేతిలోంచి పిప్ చేతికి, అక్కడినుంచి మెర్ల్ చేతికి, ఆఖరికి పాస్టరు చేతికి వెళ్ళింది. ఆ రాత్రి లిండ్సే తప్ప అందరూ పచ్చడి లేకుండానే తిన్నారు.